తెల్ల కప్పు, కుడికన్ను

ఈ వారం మధుమేహం గురించి వ్రాయవలసి ఉన్నది. ముందుగా మా వంటింటి కప్పు సంగతి చెప్పక తప్పదు.

జూబ్లీహిల్స్ నుండి ఫిల్మ్‌నగర్‌కు దిగే వీధిలో మా నివాసం. పొరుగున ఉన్న పెద్దాయన చాలాకాలం సినిమాలకు స్టిల్ ఫోటోగ్రాఫరు. చిత్రీకరణ మధ్యలో ఆగితే, బల్లమీది గ్లాసు, కూజా ఎక్కడున్నవో ఫోటో తీసి ఉంచేవారట. మరునాటి షాటులో గ్లాసు జరిగితే ప్రేక్షకుడు పట్టేస్తాడు. "తారలకంటె గ్లాసులే నయం డాక్టరుగారూ, కదలవు, అలగవు" అని తమ పాత కెమెరా నా చేతికిచ్చారు. ఫ్లాష్ వద్దు, కిటికీ వెలుగు పక్కనుంచి పడనివ్వండి, స్టాండు మీద పెట్టి తీయండి. ఆయన చెప్పిన పాఠం అంతే.

ఇత్తడి చెంబు, ఊరగాయ జాడీ, తెల్ల పింగాణీ కప్పు, మా శ్రీమతి ఇన్సులిన్ సిరంజి ఉండే పళ్ళెం... వీటితో నెల గడిచింది. ఒకనాడు కుడికంట నలక పడి, కెమెరాకు ఎడమకన్ను ఆనించాను. కప్పు మల్లెపూవులా ఉన్నది! నలక పోయాక కుడికంటితో చూచాను: పాతకాగితం వంటి పసుపు, అంచులు మసక.

శుక్లం. వయసుతో కంటి కటకం మధ్యభాగం గట్టిపడి పసుపెక్కుతుంది, నీలి వెలుగును అడ్డగిస్తుంది. నొప్పి ఉండదు. రెండు కళ్ళూ తెరిచి ఉన్నంతసేపు మంచి కన్ను రెండవదాని లోపాన్ని కప్పిపుచ్చుతుంది. ఎందరికో ఇది చెప్పినవాడిని, నా కంటిని చూచుకోలేదు.

అంతకంటె బాధించినది వేరొకటి. సిరంజిని వెలుగుకెత్తి, ఎడమకన్ను మూసి గీతలు చూచుట నా అలవాటు. ఆ నెలలో రెండుసార్లు తెల్లవారుజామున ఆమెకు చెమటలు పట్టి చక్కెర పడిపోయింది. సరిగా తినలేదని ఆమెనే మందలించాను. సంగతి చెప్పినప్పుడు, "తిన్నానని అప్పుడే చెప్పాను కదండీ" అన్నది, అంతే.

మీరూ తెల్ల కప్పు ఎదుట పెట్టుకొని, ఒక్కొక్క కన్నునే నొక్కకుండా అరచేతితో మూసి చూడండి. తేడా ఉంటే కంటివైద్యుని కలవండి. చూపు హఠాత్తుగా తగ్గినా, కన్ను ఎర్రబడి నొప్పి పుట్టినా ఈ ఇంటి పరీక్షలతో జాగు చేయక ఆనాడే వెళ్ళండి.

బంజారాహిల్స్‌లో దర్శక నిర్మాత ఎల్.వి. ప్రసాద్ గారి పేరిట 1987లో ఏర్పడిన నేత్ర వైద్యశాల మాకు దగ్గరే. సినిమావారి దానం కంటిచూపుకు చేరడం నాకు ముచ్చటగా తోస్తుంది. శస్త్రచికిత్స అయిన కొన్నాళ్ళు ఆ కప్పు కుడికంటికి నీలిఛాయతో కనబడింది. ఇప్పుడు సిరంజి మా శ్రీమతే నింపుకుంటున్నది. నేను గీతలు సరిచూస్తాను, అదీ ఆమె చూడనిస్తే.