నోటికి గడియారం

యాభై దాటాక పళ్ళు సరిచేయించుకోవడమేమిటని మా వీధిలో చాలామంది నవ్వారు. "మనవల్ని ఎత్తుకునే వయసులో నీకిదేం సరదా?" అని మా వదినగారు మొహం మీదే అడిగారు. సరదా కాదు. కింది వరసలో ముందుపళ్ళు ఒకదాని మీద ఒకటి ఎక్కి, సందుల్లోకి బ్రష్ దూరక, గార కట్టి, చిగుళ్ళు వాచి రక్తం వచ్చేది. రెండేళ్ళలో మూడుసార్లు గార తీయించుకున్నాను. మళ్ళీ అదే కథ. "పళ్ళు వరసలోకి వస్తే తప్ప సందులు శుభ్రపడవు. ఇలాగే వదిలేస్తే చిగురు దిగిపోయి పళ్ళు కదులుతాయి" అన్నారు విజయవాడలో నేను చూపించుకుంటున్న డాక్టరుగారు. మా అత్తయ్యగారి కట్టుడుపళ్ళు రోజూ రాత్రి వంటింటి గూట్లో గ్లాసు నీళ్ళలో వుంటాయి. ఆ గ్లాసు గుర్తొచ్చింది. ఇహ ఆలోచించలేదు.

తీగెలూ, క్లిప్పులూ అనుకుని వెళ్ళాను. ఆయన గాజులా మెరిసే పల్చటి ప్లాస్టిక్ తొడుగు ఒకటి చేతిలో పెట్టారు. దీన్ని అలైనర్ అంటారు. మేమంతా ట్రే అనేస్తాం. ముందు చిగుళ్ళ వాపు తగ్గించారు. తరువాత నోటి కొలతలు తీసుకుని, పళ్ళు ఎక్కడి నుంచి ఎక్కడికి జరగాలో కంప్యూటరులో లెక్క కట్టి, వరసగా ఇరవై నాలుగు జతల ట్రేలు చేయించారు. ఒక్కో ట్రే పన్నును పావు మిల్లీమీటరుకు మించి జరపదు. నాకు పదిరోజులకొకటి మార్చుకోమన్నారు. పన్ను ఎముకలో మేకులాగా దిగ్గొట్టి వుండదు. సన్నటి నారలతో వేళ్ళాడుతూ వుంటుంది. ట్రే నెమ్మదిగా నొక్కితే, నొక్కిన వైపు ఎముక కరుగుతుంది, రెండోవైపు కొత్తది కడుతుంది. అంతే, అందులో మాయ లేదు.

ఇది మరీ నిన్నటి ఆలోచన కూడా కాదట. అమెరికాలో కెస్లింగ్ అనే దంతవైద్యుడు 1945 లోనే రబ్బరు తొడుగుతో పళ్ళను కొద్దికొద్దిగా జరపవచ్చని చెప్పాడు. 1997 లో జియా చిష్తీ, కెల్సీ వర్త్ అనే ఇద్దరు అలైన్ టెక్నాలజీ కంపెనీ పెట్టి, కంప్యూటరు సాయంతో దాన్ని వ్యాపారం చేశారు. వాళ్ళ ఇన్విజలైన్ పేరు ఇప్పుడు మన పట్నాల్లో పిల్లలకి కూడా తెలుసు.

డాక్టరుగారు పెట్టిన షరతు ఒక్కటే. రోజుకు ఇరవై రెండు గంటలు ట్రే నోట్లో వుండాలి. తినేటప్పుడు తీసెయ్యాలి. మంచినీళ్ళు తప్ప ఏది తాగినా తీసెయ్యాలి. తిన్నాక నోరు శుభ్రం చేసుకుని పెట్టుకోవాలి. "అంటే తిండికి మీకు రోజుకు రెండు గంటలు" అన్నారు. రెండు గంటలా! మూడుపూట్లా కలిపి గంటన్నర చాలదూ అనుకుంటూ ఇంటికొచ్చాను.

మర్నాటి నుంచీ నోట్లో ఏదైనా వేసుకోబోయినప్పుడల్లా కేలెండరు వెనక ఒక గీత పెట్టమంది మా అమ్మాయి. నాకు నవ్వొచ్చింది. పడుకునేసరికి పదకొండు గీతలయ్యాయి. తెల్లవారుజామున కాఫీ. ఎనిమిదింటికి టిఫిను. పదింటికి పక్కింటావిడ వస్తే మళ్ళీ కాఫీ. కూరలో ఉప్పు చూడటం. భోజనం. భోజనం అయ్యాక వక్కపొడి. రెండింటికి డబ్బాలో జంతిక కనబడితే ఓ ముక్క. నాలుగింటికి అత్తయ్యగారితో కాఫీ. దీపం పెట్టాక కొబ్బరిముక్క, బెల్లం ప్రసాదం. రాత్రి భోజనం. పడుకునేముందు పాలు. నేను తిండిపోతునని ఎవరూ అనలేదు, నేనూ అనుకోలేదు. తినడమని నేను లెక్కపెట్టేది మూడే మరి. మిగతా ఎనిమిదీ లెక్కలోకి రానివి!

మీరూ ఒకరోజు గీతలు పెట్టి చూడండి. ట్రే వున్నా లేకపోయినా సరే.

ఈ లెక్క పళ్ళకి ఎందుకో డాక్టరుగారు తరువాత చెప్పారు. తీపిగానీ పిండిపదార్థంగానీ నోట్లో పడ్డ కొద్ది నిమిషాల్లోనే పళ్ళ మీది సూక్ష్మక్రిములు దాన్ని ఆమ్లంగా మారుస్తాయి. ఆ ఆమ్లం పన్ను పైపెంకులోని సున్నాన్ని కరిగిస్తుంది. లాలాజలం వచ్చి ఆ ఆమ్లాన్ని విరిచి, పోయిన ఖనిజాన్ని కొంత తిరిగి పూడుస్తుంది. దానికి అరగంట నుంచి గంట పడుతుంది. పదకొండుసార్లు తింటే, తక్కువలో తక్కువ అరగంట వేసుకున్నా, అయిదున్నర గంటలు పళ్ళు ఆమ్లంలో నానుతున్నట్టే. ఇహ దాని మీద ట్రే బిగిస్తే లాలాజలం లోపలికి పోవడమే కష్టం.

ఇంత తెలిసినదాన్ని బుద్ధిగా వుండాలి కదా. వుండలేదు.

మాది ఉయ్యూరు. చక్కెర ఫ్యాక్టరీ ఊరని బయట పేరు. నా చిన్నప్పుడు క్రషింగు రోజుల్లో రోడ్డంతా చెరకుబళ్ళ వరస. బండి వెనక పరుగెత్తి గెడ లాక్కుని, ముందుపళ్ళతోనే తొక్క చీల్చి నమిలి ఊసేసేవాళ్ళం. చెరకు నమిలి ఊసేదీ పిప్పే, పుచ్చిన పన్నూ పిప్పిపన్నే. మనవాళ్ళు ఆ మాటని రెండుచోట్లా ఊరికే వాడలేదేమోనని నాకో అనుమానం!

విజయవాడ నుంచి బందరు రోడ్డు మీద బస్సులో వస్తుంటే, ఎండనపడి, కంకిపాడు దగ్గర చెరకురసం తాగాను. బస్సులో నలుగురి ముందూ ట్రే తీసి, తుడుచుకుని, డబ్బాలో పెట్టడానికి సిగ్గేసింది. రసం నమిలేది కాదుగదా, ట్రే మీదుగా పోతుందిలే అనుకున్నాను. ఏమీ కాలేదు. దాంతో ధైర్యం వచ్చింది. డాక్టరు దగ్గరకు వెళ్ళొచ్చేటప్పుడే కాదు, ఊళ్ళో బజారుకు వెళ్ళినప్పుడు కూడా గ్లాసు రసం, ట్రే తియ్యకుండా. ఒక గ్లాసులో ఆరేడు చెంచాల పంచదారకు తక్కువ వుండదు. కాఫీ కూడా చల్లారాక అలాగే తాగడం మొదలెట్టాను. మా అమ్మాయి ఫోనులో "ఇరవై రెండు గంటలూ పెట్టుకుంటున్నావా అమ్మా?" అని అడిగితే, "ఇరవై మూడు" అని గొప్పగా చెప్పేదాన్ని. అబద్ధం కూడా కాదు.

దసరా వెళ్ళాక తొమ్మిదో ట్రే మీద వుండగా డాక్టరుగారు నోట్లో దీపం పెట్టి చూసి, కాసేపు మాట్లాడలేదు. తరువాత అద్దం ఇచ్చారు. పైన రెండు కోరపళ్ళ మొదట్లో, చిగురుకి ఆనుకుని, సుద్దముక్కతో గీసినట్టు తెల్లటి మరకలు. "ట్రే తియ్యకుండా ఏం తాగుతున్నారు?" అన్నారు. ఏమీ లేదన్నాను. మళ్ళీ అడిగారు. చెప్పేశాను.

ట్రే పన్నుకి అంటుకుపోయినట్టు కనిపిస్తుందిగానీ, అంచుల దగ్గర సన్నని సందు వుంటుంది. తీపినీళ్ళు అందులోంచి లోపలికి పోతాయి. బయటికి రావు. గ్లాసులో రసం ఐదు నిమిషాల్లో అయిపోతుంది, ట్రేలోది గంటలకొద్దీ పన్నుని పట్టుకునే వుంటుంది. నేను మూడు నెలలపాటు నా పళ్ళకి చెరకురసంతో కట్టు కట్టానన్నమాట! అదృష్టం, పైపెంకు ఇంకా గుంట పడలేదు. మరక దశలోనే పట్టుకుంటే ఆపవచ్చునట. ఫ్లోరైడు పూత పూశారు, ఫ్లోరైడు వున్న పేస్టుతో రోజుకు రెండుసార్లు తోముకోమన్నారు. ఇప్పుడు ఆ మరకలు పెరగలేదు. పూర్తిగా పోనూ లేదు. పళ్ళు కాపాడుకుందామని మొదలెట్టిన వైద్యంలో, వరస సరిగ్గా వున్న పళ్ళని నేనే పాడుచేసుకోబోయాను. ఆ రాత్రి మా అమ్మాయికి ఫోను చేసి నిజం చెప్పాను. డబ్బు తను కట్టింది మరి.

ఇహ నమలడం సంగతి. ట్రే పెట్టుకుని తినకూడదు. మన నమిలే బలానికి ఆ ప్లాస్టిక్ పగులుతుంది, లేదా ఆకారం మారి పన్నును తప్పుదారిన నెడుతుంది. వేడి తగిలినా వంకర పోతుంది, అంచేత కడగడానికి కూడా చన్నీళ్ళే. మన కూరల్లో పసుపు సంగతి చెప్పనే అక్కర్లేదు. ముద్దపప్పు తిని పుక్కిలించకుండా పెట్టుకుంటే సాయంత్రానికి ట్రే పచ్చగా వుంటుంది.

కొత్త ట్రే వేసిన మొదటి రెండు మూడు రోజులూ పళ్ళు సలుపుతాయి. ముందుపళ్ళతో ఏదీ కొరకలేం. నేను కొత్త ట్రేని రాత్రి భోజనమయ్యాక పెట్టుకుంటాను, సలుపులో సగం నిద్రలోనే పోతుంది. మర్నాడు ఇడ్లీ, మెత్తటి పప్పన్నం, పెరుగన్నం. జామకాయైనా, పెసరట్టైనా ముక్కలు చేసి దవడపళ్ళ మీదకే తోస్తాను. ఈ మధ్యనే తెలిసింది, యాభై యేళ్ళుగా నేను కుడివైపే నములుతున్నానని. ఎడమవైపు నమలబోతే కొత్తచోట కాపరం పెట్టినట్టుంది. వంద సంవత్సరాల కంటే ముందే అమెరికాలో హోరేస్ ఫ్లెచర్ అనే ఆయన ప్రతి ముద్దా నీళ్ళయ్యేదాకా నమలాలని దేశమంతా తిరిగి ప్రచారం చేశాడట. అంత చాదస్తం నాకక్కర్లేదు. కానీ నెమ్మదిగా, రెండువైపులా నమిలితే గబగబా మింగేదానికంటే తక్కువ అన్నంతోనే ఆకలి తీరుతోంది.

పట్టు కోసం పళ్ళ మీద పన్ను రంగులోనే చిన్న బొడిపెలు అంటిస్తారు. గట్టి జంతికా, వక్కా, చెరకుగెడా వాటికి శత్రువులు. మాఘమాసంలో మా వీరమ్మ తల్లి తిరునాళ్ళు భీష్మ ఏకాదశినాడు మొదలై పదిహేను రోజులు జరుగుతుంది. ఈసారి తిరునాళ్ళలో జంతికల కొట్టు ముందు నిలబడి వాసన చూసి వచ్చేశాను. పులుపు విషయంలో ఇంకో జాగ్రత్త వుంది. చింతపండు పులుసో, నిమ్మకాయో తిన్న వెంటనే బ్రష్ పెట్టి గట్టిగా రుద్దకూడదు, అప్పుడు పైపెంకు మెత్తబడి వుంటుంది. నీళ్ళతో బాగా పుక్కిలించి, అరగంట ఆగి తోముకోవాలి. ఆ అరగంట కూడా రెండు గంటల్లోంచే పోతుంది. అంచేత నా పులుసు ఇప్పుడు మధ్యాహ్నం ఒక్కపూటే.

కార్తీకంలో బంధువులింట పెళ్ళి. భోజనాల దగ్గర డబ్బా తేవడం మరచి, ట్రేలని కాగితం రుమాల్లో చుట్టి ఆకు పక్కన పెట్టుకున్నాను. పెరుగన్నం తిని చెయ్యి కడుక్కొచ్చేసరికి ఆకు లేదు, రుమాలూ లేదు! పట్టుచీర కుచ్చెళ్ళు ఎత్తిపట్టుకుని వెనక ఎంగిలాకుల గుట్ట దగ్గరకి పరుగెత్తాను. వడ్డన కుర్రాళ్ళు "ఏం పోయిందమ్మా, ఉంగరమా?" అని కర్రలతో వెదకసాగారు. పళ్ళ ట్రే అంటే అర్థంకాక, కట్టుడుపళ్ళనుకుని నా నోటికేసి జాలిగా చూశారు. దొరకలేదు. డాక్టరుగారికి ఫోను చేస్తే, దాని ముందు ట్రే వుందా అని అడిగారు. వుంది, పారెయ్యలేదు. కొత్తది తయారై వచ్చేదాకా దాన్నే పెట్టుకోమన్నారు. ఊరికే వదిలేస్తే పళ్ళు వెనక్కి నడుస్తాయట. ఇప్పుడు నా సంచీలో డబ్బా లేకుండా గుమ్మం దాటను.

అన్నిటికంటే కష్టమైంది మాత్రం నాలుగింటి కాఫీ. ముప్ఫై యేళ్ళుగా ఆ వేళకి అత్తయ్యగారూ నేనూ వరండాలో కూర్చుని కాఫీ తాగుతాం. మామగారు పోయాక ఆవిడకి రోజంతటిలో ఎదురుచూసే ఘడియ అదొక్కటే. మరకలు కనిపించిన మర్నాడు, నాకొద్దన్నాను. ఆవిడ ఏమీ అనలేదు. మూడోరోజు తన గ్లాసు కూడా సగం తాగి పక్కన పెట్టేశారు. "ఒక్కదాన్నే తాగితే సయించడంలేదమ్మాయ్" అన్నారు.

కేలెండరు దించి మళ్ళీ గీతలు చూసుకున్నాను. పదింటి కాఫీ తీసేశాను, పక్కింటావిడకి సంగతి చెబితే నవ్వి వూరుకుంది. పడుకునేముందు పాలు భోజనంతోపాటే. ప్రసాదం నాలుగింటికే. వక్కపొడికి సెలవు. ఉప్పు మా వారు చూస్తున్నారు, రెండుసార్లు ఎక్కువైంది. పదకొండు నాలుగయ్యాయి. నాలుగోది వరండాలో కాఫీ, దానికి ఇరవై నిమిషాలు. చల్లారబెట్టుకుంటూ కూర్చునే వీలు లేదు గనక ఇద్దరం వేడిగానే తాగేస్తున్నాం.

ఇరవై ఒకటో ట్రే నడుస్తోంది. చిగుళ్ళ రక్తం ఆగింది. కిందిపళ్ళ మధ్య ఇప్పుడు దారం దూరుతుంది. మూడున్నర దాటగానే అత్తయ్యగారు వంటింట్లోకి తొంగిచూసి, "కాఫీ కలుపుతున్నావా? నీ పళ్ళు తీసి డబ్బాలో పెట్టు, ఆకుల్లో పోతాయి మళ్ళీ!" అని కేకేస్తారు. ఆ మాట అంటున్నప్పుడు ఆవిడ పళ్ళు ఒక్కోసారి గూట్లో గ్లాసులోనే వుంటాయి.