పోసిన గ్యాసు ఎటు పోయింది?

కారు ఏసీలోని గ్యాసు పెట్రోలు వంటిది కాదు. వాడకంతో అది ఖర్చు కాదు. కంప్రెసర్ దానిని అదిమి వేడెక్కిస్తుంది. బండి ముందుభాగంలోని కండెన్సర్‌లో అది ఆ వేడిని బయటికి వదిలి ద్రవంగా మారుతుంది. డాష్‌బోర్డు వెనుకనున్న కూలింగ్ కాయిల్‌లో మళ్ళీ ఆవిరై లోపలి వేడిని పీల్చుకుంటుంది. మూసిన గొట్టాలలో అదే గ్యాసు ఏళ్ళ తరబడి తిరుగుతూ ఉంటుంది. రబ్బరు గొట్టాల గుండా కొద్దికొద్దిగా తరిగిపోవడం సహజమే గాని, ఒక్క వేసవి గడిచేలోగా ఖాళీ అయిందంటే ఎక్కడో రంధ్రం ఉన్నట్లే లెక్క.

మా అబ్బాజాన్‌కు వారానికి మూడు పర్యాయాలు డయాలసిస్ జరుగుతుంది. ఊరి నుండి కర్నూలుకు 70 కిలోమీటర్లు. రోజు మొత్తానికి ముప్పాతిక లీటరు నీటికి మించరాదని డాక్టరు గారి కట్టడి. మే నెలలో కర్నూలు ఎండ 42 డిగ్రీలు దాటుతుంది. ఆ వడగాలిలో కిటికీలు తెరుచుకొని ప్రయాణం చేస్తే ఆరోగ్యవంతుడికే నాలుక పిడచగట్టుకుపోతుంది. గుక్కెడు నీళ్ళకు కూడా లెక్క చూసుకోవలసిన మనిషి సంగతి వేరే చెప్పాలా? ఆయన కోసమే నిరుడు చలికాలంలో ఒక పాత కారు కొన్నాము. ఏప్రిల్ వచ్చేసరికి ఏసీ నుండి ఉత్త గాలి రావడం మొదలైంది.

కారు కాగితాల సంచిలో పాత యజమాని దాచిన రెండు రసీదులు దొరికాయి. వరుసగా రెండు వేసవులలో గ్యాసు నింపించినవి. మేము వెళ్ళిన మొదటి షెడ్డువారు మూడోది రాయడానికి సిద్ధమయ్యారు. “వ్యాక్యూమ్ పెట్టి చూశాం, లీకు లేదు. ఏటా గ్యాసు పోయించుకోవాలి భాయ్, అన్ని బండ్లకూ మామూలే” అన్నారు. పోసిన గ్యాసు ఎటు పోయిందని అడిగితే నవ్వి ఊరుకున్నారు. మేము పోయించకుండానే తిరిగివచ్చాము.

తెలిసినవారు చెప్పగా ఒక వృద్ధ మెకానిక్ వద్దకు వెళ్ళాము. మాటలు తక్కువ, చూపు ఎక్కువ. ఆయన మొదట గేజి తగిలించారు. ఏసీ ఆపి ఉన్నప్పుడు, లోపల ద్రవం మిగిలి ఉన్నంతవరకు, పీడనం వేడిని బట్టి నిలుస్తుంది. 35 డిగ్రీల వద్ద 110 పౌండ్లకు పైగా చూపాలి. ముల్లు 40 వద్దనే ఆగింది.

“వ్యాక్యూమ్‌లో లీకు కనపడలేదట చాచా” అన్నాము.

“వ్యాక్యూమ్ అంటే 15 పౌండ్ల తేడా బేటా, అదీ బయటి నుండి లోపలికి. బండి నడిచేటప్పుడు లోపలి నుండి బయటికి 200 పౌండ్లు తోస్తుంది. చిన్న రంధ్రం దానికే బయటపడుతుంది” అన్నారు.

లీకు ఉన్నచోట సాధారణంగా నూనె మరక ఉంటుంది. కంప్రెసర్ నూనె గ్యాసుతో కలిసి తిరుగుతూ, దానితోపాటే బయటికి వస్తుంది గదా. కండెన్సర్, గొట్టాల అతుకులు, కంప్రెసర్ ఇరుసు అన్నీ పొడిగా ఉన్నాయి. మిగిలింది కంటికి కనిపించని కూలింగ్ కాయిల్. దానిని విప్పకుండానే పట్టుకొనే ఉపాయం మాకు చాలా నచ్చింది. ఈ గ్యాసు గాలికన్నా బరువైనది, కిందికే దిగుతుంది. ఇంజను ఆపి పావుగంట ఆగి, కారు కింద నీరు కారే సన్నని గొట్టం మొదట గ్యాసు పసిగట్టే పరికరాన్ని ఉంచారు. అది కీచుమంది. (ఆ గొట్టం నుండి నీటిచుక్కలు పడటం చూసి కొందరు కంగారుపడతారు. అది గాలిలోని తేమ మాత్రమే, లీకు కాదు.)

మిగిలిన గ్యాసును గాలిలోకి వదలక యంత్రంతో సిలిండరులోకి లాగి, 150 పౌండ్ల నైట్రోజన్ పెట్టారు. బయటి అతుకులపై సబ్బు నురుగ రాస్తే ఒక్క బుడగ లేవలేదు. గంటలో ముల్లు మాత్రం దిగింది. ఇక అనుమానం లేదు.

డాష్‌బోర్డు విప్పడానికే ఒక పూట పట్టింది. పాత యజమాని గాలి వడపోసే ఫిల్టరును తీసివేసి ఉంటాడు, దాని చోటు ఖాళీగా ఉంది. దుమ్ము, ఆకుల పొడి కాయిల్‌కు పట్టి, తడిసి, అల్యూమినియాన్ని తినివేశాయి. ఒక మూల జిడ్డు మరక, దాని నడుమ సూదిమొన అంత గుంట. కొత్త కాయిల్, కొత్త ఓ-రింగులు, కొత్త డ్రయర్ వేశారు. అప్పుడు ముప్పావుగంట వ్యాక్యూమ్. తేమ మిగిలితే సన్నని వాల్వ్ వద్ద మంచుగట్టి దారి మూసుకుపోతుందట. ఆపైన బానెట్ కింది స్టిక్కరులో ఉన్నట్లే 450 గ్రాములు తూచి ఎక్కించారు. చేతి అంచనాతో పోయడం ఆయనకు గిట్టదు. డబ్బాలో దొరికే లీకు మందు పోయమని అడిగేవారిని షెడ్డు గడప తొక్కనివ్వరట. ఆ జిగురు వాల్వ్‌ను, గ్యాసు లాగే యంత్రాన్ని కూడా పాడుచేస్తుంది.

ఖర్చు 9,000 రూపాయలు దాటింది. గ్యాసు నింపించుకుంటే 2,000తో పోయేది, మళ్ళీ జూన్‌లో మరో 2,000. మాకు డబ్బుకన్నా భయం వేరే ఉండేది: నడి ఎండలో, సగం దారిలో అది ఆగిపోతే?

ఇందులో ఇరుగుపొరుగుకూ వాటా ఉంది. ఆర్-134ఏ అనే ఈ గ్యాసు, వందేళ్ళ లెక్కన, బొగ్గుపులుసు వాయువుకన్నా 1,430 రెట్లు భూమిని వేడెక్కిస్తుందని వాతావరణ మార్పులపై ఐక్యరాజ్యసమితి నిపుణుల సంఘం 2007 నివేదిక లెక్కకట్టింది. అంటే మా కారులోని 450 గ్రాములు గాలిలో కలిస్తే, సుమారు 280 లీటర్ల పెట్రోలు కాల్చిన దానితో సమానం. ఇటువంటి వాయువుల వాడకాన్ని తగ్గించే 2016 నాటి కిగాలి సవరణను మన దేశం 2021లో ఆమోదించింది. అయినా షెడ్లలో ‘ఏటా పోయించుకోవాలి’ అనే మాట సాగుతూనే ఉంది.

మే నెల అంతా ఏసీ ఆగలేదు. వెళ్ళేటప్పుడు అబ్బాజాన్ చల్లగాలికి ఎదురుగా కూర్చొని నీళ్ళ సీసా ముట్టడం లేదు. నాలుగు గంటల డయాలసిస్ ముగిశాక మాత్రం ఆయనకు చలి వేస్తుంది. తిరుగు ప్రయాణంలో భుజాల మీదికి శాలువా లాక్కొని, ఏసీ తగ్గించమంటారు.