ఉప్పుగాలిలో ఫియట్

పెనుమూడిలో ఇనుము బతికి బట్టకట్టడం కష్టం. పక్కనే కృష్ణ ఉన్నా, ఎండాకాలం వచ్చిందంటే సముద్రపు పోటు రేవుదాకా ఎక్కుతుంది. గేటు ఊచలు, సైకిలు రిమ్ములు, బోరింగు హ్యాండిలు, దేనికైనా పొక్కులే. రేపల్లెలో వెల్డింగ్ షాపు నడుపుతున్న నాకు వచ్చే పనిలో సగం ఆ ఉప్పుగాలి పెట్టిన భిక్షే. ట్రాక్టరు ట్రక్కుల అడుగులు, రైసుమిల్లు హాపర్లు, పడవ ఇంజన్ల దిమ్మలు. కారు పని మాత్రం ఎప్పుడూ షాపుకు రానివ్వలేదు. టింకరింగ్ అంటే ఓపిక కావాలి, షాపులో ఆ ఓపికకు డబ్బులు రావు.

అందుకే ఫియట్‌ను ఇంటి దొడ్లో పెట్టాను. డిప్లొమా చదువుతున్న మా మేనల్లుడికి చేతిపని నేర్పమని మా చెల్లెలు పోరుతోంది. తెలిసిన రైతు ఒకాయన పశువుల కొట్టంలో ఇటుకల మీద నిలబెట్టిన బండి అది. 1983 మోడలు ప్రీమియర్ పద్మిని. ఇటలీ వాళ్ల ఫియట్ 1100 డిలైట్‌ను ప్రీమియర్ కంపెనీ 1964 నుంచి బొంబాయి కుర్లాలో తయారుచేసింది. డెబ్బైల్లో పద్మిని అని పేరు మార్చింది, 2000 ప్రాంతం దాకా అమ్మింది. కంపెనీ ఏ పేరు పెట్టుకున్నా మా వైపు అది ఫియట్టే. ఇంజను 1089 సీసీ, గేరు రాడ్డు స్టీరింగు పక్కనే. 2009 అక్టోబరులో ప్రకాశం బ్యారేజీ దగ్గర వరద 11 లక్షల క్యూసెక్కులు దాటింది. ఆ నీళ్లలో బండి సీట్లదాకా మునిగింది. ఆ తర్వాత ఎవరూ ముట్టుకోలేదు.

‘మావయ్యా, ముందు రంగేయిద్దాం, ఫొటో పెట్టుకుంటా’ అన్నాడు మావాడు. పాత కారు ఇంటికి తెచ్చుకునే వాళ్లందరిదీ ఇదే తొందర. వాడి చేతికి సుత్తి బదులు స్క్రూడ్రైవరిచ్చి, పిడితో అడుగంతా తట్టుకుంటూ రమ్మన్నాను. ఖంగుమన్నచోట రేకు ఉన్నట్టు, డబ్బుమన్నచోట రంగు మాత్రమే ఉన్నట్టు. డ్రైవరు కాళ్ల కింద తట్టేసరికి స్క్రూడ్రైవరు చెయ్యితో సహా లోపలికి పోయింది.

తలుపుల కింద పొడుగునా ఉండే పెట్టెభాగమే ఈ బండికి ప్రాణం. లారీకి ఉన్నట్టు దీనికి విడిగా చాసిస్ ఉండదు, బాడీయే బరువంతా మోస్తుంది. ఆ పెట్టె బయటి రేకు కోస్తే ఒండ్రు ఇటుక అచ్చు పోసినట్టు పొడుగాటి దిమ్మగా ఊడిపడింది. పద్నాలుగేళ్లకు పైగా అది చెమ్మ పట్టుకుని లోపల్నుంచి రేకును తింటూనే ఉంది. పైన రంగు చూస్తే నిగనిగలాడుతోంది!

ఇక్కడ కొత్తవాళ్లు చేసే పని రెండు వైపులా ఒకేసారి కోసేయడం. అలా కోస్తే బాడీ నడుం జారుతుంది, తర్వాత ఎంత కొత్త రేకు వేసినా తలుపు పడదు. మేం ముందు తలుపు గుమ్మాలకు అడ్డంగా యాంగిలు ముక్కలు కొట్టి బిగించాం. ఎడమవైపు పూర్తయి, తలుపు వేసితీసి చూసుకున్నాకే కుడివైపు ముట్టుకున్నాం. కోత మొదలుపెట్టకముందు ఇంకో జాగ్రత్త. చాసిస్ నంబరు కొట్టి ఉన్న రేకు మీద గ్రైండరు వాలకుండా సుద్దతో గీత గీశాం. ఆర్టీఓ ఆఫీసులో ఆ నంబరు మీద కాయితం పెట్టి పెన్సిలుతో రుద్ది తీసుకుంటారు. అది చెరిగితే బండి ఎంత బాగున్నా ఇనప సామానే.

వేసింది 20 గేజి రేకు. మామూలు రాడ్డు వెల్డింగు పెడితే చిల్లులు పడతాయి, అందుకని సీఓటూ సెట్టు షాపు నుంచి తెచ్చాం. గీత లాగినట్టు లాగకూడదు. ఇక్కడొక చుక్క, జానెడు అవతల ఒక చుక్క, మొదటిది చల్లారాక మధ్యలో ఒకటి. వరసగా పోతే వేడికి రేకు అలలు తిరిగి పోతుంది. మావాడికి ఇది నచ్చలేదు, రెండు చుక్కలు పెట్టి ఫోను చూసుకునేవాడు. పోనీలే, ఈలోపు రేకు చల్లారేది.

తుప్పు సంగతి చెప్పాలి. ఉప్పు తగిలిన తుప్పును గీకి రంగేస్తే ఆర్నెల్లలో మళ్లీ పొక్కుతుంది. గుంటల్లో మిగిలిన ఉప్పు గాలిలో చెమ్మను లాక్కుంటూ రంగు కింద తన పని తాను చేసుకుపోతుంది. అందుకే గీకిన ప్రతి భాగాన్నీ ముందు మంచినీళ్లతో కడగాలి, ఆరబెట్టాలి, మళ్లీ కడగాలి. మా బోరు నీళ్లే ఉప్పన, వాటితో కడిగితే మొదటికే మోసం, క్యాన్ నీళ్లు వాడాం. ఆ తర్వాత ఫాస్ఫారిక్ యాసిడ్ కలిసిన రస్ట్ రిమూవరు, అది ఆరాక రెడాక్సైడు.

హింజిలు, బ్రాకెట్లు, పెడల్ చేతుల్లాంటి చిన్న సామాన్లకు గీకుడు అక్కర్లేదు. ప్లాస్టిక్ తొట్టిలో నీళ్లు, చాకలి సోడా, బ్యాటరీ చార్జరు చాలు. తుప్పు సామానుకు నెగెటివు, పనికిరాని ఇనపముక్కకు పాజిటివు. రాత్రంతా బుడగలు వస్తాయి, పొద్దున బ్రష్షు పెడితే నల్లటి పొర ఊడి కంపెనీ పంచి గుర్తులు కనపడతాయి. పాజిటివుకు స్టీలు గరిటె కట్టబోయాడు మావాడు, వద్దన్నాను. స్టెయిన్‌లెస్ స్టీల్లో క్రోమియం ఉంటుంది, అది నీళ్లలోకి దిగితే విషం. ఇక బుడగల్లో వచ్చేది హైడ్రోజన్, కాబట్టి తొట్టి ఆరుబయటే ఉండాలి, దగ్గర బీడీ వెలిగించకూడదు.

ఇంజను బిగిసిపోయి ఉంది. ప్లగ్గులు తీసి ఒక్కో రంధ్రంలో కిరోసిను, ఆయిలు కలిపి పోసి వదిలేశాం. మధ్యమధ్యలో గేరులో వేసి ముందుకీ వెనక్కీ ఊపేవాళ్లం. కదలిక వచ్చినరోజు మావాడి ముఖం చూడాలి. నాలుగు స్ట్రోకుల బొమ్మ కళ్లు మూసుకుని గీస్తాడు కానీ డిస్ట్రిబ్యూటరు మూత ఎత్తితే అదేంటో తెలియదు. ఇప్పటి బండ్లలో ఆ వస్తువే లేదు, వాడి తప్పేం కాదు. ఒకటో ప్లగ్గు రంధ్రం మీద బొటనవేలు పెట్టించి ఇంజను తిప్పాను. గాలి వేలిని తన్నినప్పుడు ‘ఇదే నీ కంప్రెషను’ అన్నాను. ఒకటి, మూడు, నాలుగు, రెండు అని వరస వాడే చెప్పి వైర్లు పెట్టాడు.

స్టార్టు చేయడానికి మాత్రం ఒప్పుకోలేదు, ముందు బ్రేకులన్నాను. నాలుగూ డ్రమ్ములే, వీల్ సిలిండర్లు లోపల పట్టేసి ఉన్నాయి. పాత లైనర్లలో ఆస్బెస్టాస్ ఉంటుంది, గాలి కొట్టకుండా తడిగుడ్డతో తుడిపించాను. రబ్బరు సామాను విజయవాడ ఆటోనగర్లో దొరికింది, డోరు బీడింగులు చెన్నై పుదుపేటలో. ఒకప్పుడు బొంబాయి టాక్సీలన్నీ పద్మినులే కావడంతో అక్కడ సామానుకు లోటుండేది కాదు. 2023 అక్టోబరులో చివరి టాక్సీ రోడ్డు దిగింది. పెట్రోలు పైపులు, పంపు డయాఫ్రం బాగానే ఉన్నా మార్చేశాం. ఇప్పుడు బంకుల్లో పోసే పెట్రోల్లో 20 శాతం ఇథనాలు, పాత రబ్బరు దానికి ఆగదు.

కాయితాల సంగతి. 50 ఏళ్లు దాటిన బండికి 2021 నిబంధనల ప్రకారం వింటేజి రిజిస్ట్రేషను ఉంది, నంబరులో వీఏ అక్షరాలు వేస్తారు. మాదానికి ఆ వయసు 2033లో గానీ రాదు. వింటేజి కింద రాయిస్తే రోజూ తిరగడానికి వీల్లేదు కూడా, ఎగ్జిబిషన్లకీ ర్యాలీలకీ తప్ప. చౌమహల్లాలో నిజాం రోల్స్ రాయిస్‌లా అద్దాల వెనక పెట్టుకోవడానికి కాదు కదా మేం ఇన్ని చుక్కలు పెట్టింది. అందుకని మామూలు రెన్యూవలుకే వెళ్తున్నాం, ఐదేళ్లకోసారి ఫిట్‌నెస్ చూపించాలి.

బండి నడుస్తోంది. కరకట్ట మీద పులిగడ్డ వారధి దాకా పోయివచ్చాం, గంటకు ముప్పై దాటనివ్వలేదు. ఒళ్లంతా ఇంకా రెడాక్సైడే. వానాకాలం చెమ్మలో డ్యూకో కొడితే పాలిపోయి తెల్లమచ్చలు వస్తాయి, రంగు సంక్రాంతి దాటాకేనని చెప్పాను. మావాడు ఆకుపచ్చంటాడు, మా చెల్లెలు తెలుపంటుంది.