దేవుడు లేని గుడి

నా మొదటి ఉద్యోగం రామోజీ ఫిల్మ్ సిటీలో. 2003 నాటి మాట. ఎర్ర బస్సులో మైకు పట్టుకుని నిలబడి, సందర్శకులకు సెట్టింగులు చూపించడం నా పని. 1996లో ప్రారంభమైందనీ, 1,666 ఎకరాలనీ, ప్రపంచంలోకెల్లా పెద్ద స్టూడియో సముదాయంగా గిన్నిస్ పుస్తకానికెక్కిందనీ రోజూ ఏకరువు పెట్టేవాణ్ణి. (నిద్రలోనూ ఇదే వల్లిస్తున్నానని నా గదిమిత్రుడి ఫిర్యాదు.)

రైల్వేస్టేషను సెట్టింగు దగ్గర వరంగల్ బండి ఎన్నింటికని ఒకాయన నిజంగానే అడిగారు. అటువంటివి నవ్వుకుని మరచిపోయేవి.

గుడి సెట్టింగు దగ్గర ఒక మామ్మగారు చెప్పులు విడిచి, లెంపలు వేసుకుని, కళ్ళు మూసుకున్నారు.

"లోపల విగ్రహం లేదండీ మామ్మగారూ! ఏ సినిమాకు ఏ దేవుడు కావాలంటే ఆ దేవుణ్ణి తెచ్చి పెట్టుకుంటారు" అన్నాను. వెంట ఉన్నవాళ్ళంతా గొల్లుమన్నారు.

ఆవిడ కళ్ళు తెరవకుండానే, "ఎక్కడైనా అంతే కదా నాయనా" అన్నారు. ఆపైన కొంగుముడి విప్పి, ఒక రూపాయి బిళ్ళ నా చేతిలో పెట్టారు. "పళ్ళెం కనబడలేదు. పూజారివి నువ్వేగా!"

మళ్ళీ అందరూ నవ్వారు, నేను తప్ప. మా నాన్నగారు అర్చకులు. పళ్ళెంలో పడే చిల్లర కోసం ఎదురుచూసే బతుకు నాకొద్దని ఆయనతో పోట్లాడి పట్నం చేరినవాణ్ణి.

ఆ వారం ఇంటికి రాసిన ఉత్తరంలో వరంగల్ బండి సంగతి రాశాను. ఇది రాయలేదు.