పాత రేడియోకు ప్రాణం పోసే వీధి

ముంబయి పశ్చిమ రైలు మార్గంలోని గ్రాంట్ రోడ్ స్టేషన్‌లో దిగి తూర్పు దిక్కుగా కొద్ది నిమిషాలు నడిస్తే లామింగ్టన్ రోడ్డు వస్తుంది. 1903 నుంచి 1907 వరకు బొంబాయి గవర్నరుగా ఉన్న లార్డ్ లామింగ్టన్ పేర వెలసిన వీధి ఇది. డాక్టర్ దాదాసాహెబ్ భడ్కంకర్ మార్గ్ అని పేరు మార్చినా, జనం నోట పాత పేరే నిలిచిపోయింది. 1975లో విడుదలైన ‘షోలే’ ఏళ్ల తరబడి ఆడిన మినర్వా థియేటరు ఒకప్పుడు ఇక్కడే ఉండేది. ఆ తెర కనుమరుగైంది గాని, ధ్వనికి మాత్రం ఈ వీధితో ఋణం తీరలేదు.

వీధికి ఇరువైపులా కంప్యూటర్లు, కెమెరాలు, స్పీకర్లు అమ్మే దుకాణాలు బారులు తీరి ఉంటాయి. వాటి నడుమనే విడిభాగాల అంగళ్లు. తాతగారి నాటి వాల్వు రేడియోను తిరిగి పలికించాలని వచ్చేవారు ఇక్కడ వెదికేది వేలెడంత కూడా లేని ఒక వస్తువును. దాని పేరు కెపాసిటర్. పాత మెకానిక్కుల మాటలో కండెన్సర్.

రేడియోలో ఒక వాల్వు నుంచి మరొక వాల్వుకు పాట సాగే దారిలో ఇది ద్వారపాలకుడు. పాటను మోసే ఏసీని లోనికి పోనిస్తుంది. దాని వెంట ఉన్న వందల వోల్టుల డీసీని అడ్డగిస్తుంది. ఆ రోజుల్లో కాగితాన్నీ లోహపు రేకునూ కలిపి చుట్టి, మైనంతో మూసి వీటిని తయారు చేసేవారు. దశాబ్దాలు గడిచేసరికి కాగితం చెమ్మ పీల్చుకుంటుంది, కాపలా సడలుతుంది. కారిన డీసీ చివరి వాల్వు గ్రిడ్డును చేరితే ఆ వాల్వు మితిమీరి కాగుతుంది. దానితోపాటు అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరు కూడా కాలిపోవచ్చు. కొద్ది రూపాయల వస్తువు తప్పిన కాపలాకు, వెదికినా దొరకని వస్తువు బలి అవుతుందన్న మాట! అందుకే ఏళ్ల తరబడి అటక మీద పడి ఉన్న రేడియోను దించిన వెంటనే ప్లగ్గు పెట్టి చూడరాదు.

కాగితం స్థానాన్ని నేడు ప్లాస్టిక్ ఫిల్ము ఆక్రమించింది. కొనేటప్పుడు చూడవలసినవి మూడు. మొదటిది విలువ. 103 అని ఉంటే 10 పక్కన మూడు సున్నాలు, అంటే 10,000 పికోఫారడ్లు, లేదా 0.01 మైక్రోఫారడ్. 104 అంటే 0.1 మైక్రోఫారడ్. పక్కన ‘జె’ అక్షరం ఉంటే విలువలో తేడా 5 శాతానికి, ‘కె’ ఉంటే 10 శాతానికి మించదు. రెండవది వోల్టేజి. పాతది 400 వోల్టులదైతే కొత్తది 400 గాని, 630 గాని ఉండవచ్చు. తక్కువ మాత్రం పనికిరాదు. మూడవది ఫిల్ము రకం. పాలియెస్టర్ చిన్నది, చౌకైనది. చాలా చోట్ల అదే చాలు. పాలీప్రొపిలిన్ కాస్త పెద్దదే గాని, దానిలో విద్యుత్ నష్టం తక్కువ. పాట సాగే దారికీ, స్పీకరు క్రాసోవరుకూ అది మేలు. ఫిల్ము కెపాసిటర్లకు ప్లస్, మైనస్ భేదం లేదు. ఇంటి కరెంటు నేరుగా వచ్చే తీగల మధ్య మాత్రం ‘ఎక్స్2’ అని ముద్రించిన భద్రతా రకాన్నే వాడాలి.

విలువ, వోల్టేజి, రకం సరిపోయాక మామూలు పాలీప్రొపిలిన్ చక్కగా పనిచేస్తుంది. ధర పదింతలైనంత మాత్రాన పాట పదింతలు తియ్యబడదు. పేరున్న ముద్ర కనిపించినంతనే అసలు సరుకని నమ్మనూ రాదు. పాత ముక్కను చేతపట్టుకుని వెళ్లడం మంచిది. కాళ్ల మధ్య దూరం, పరిమాణం కళ్లెదుటే సరిచూసుకోవచ్చు. ఆదివారాలు ఎక్కువ దుకాణాలు మూసి ఉంటాయి. ఇక బిగింపు పని తెలిసినవారికే వదలాలి. ప్లగ్గు తీసిన తరువాత కూడా రేడియోలోని పెద్ద కెపాసిటర్లలో ప్రాణం తీయగల విద్యుత్తు నిలిచి ఉండవచ్చు.

ముంబయి దూరమైన వారికి చెన్నైలో రిచీ స్ట్రీట్, బెంగళూరులో ఎస్.పి. రోడ్డు, ఢిల్లీలో లజపత్‌రాయ్ మార్కెట్, హైదరాబాదు కోఠీలో గుజరాతీ గల్లీ ఉన్నాయి. పారవేయడం తేలికైన ఈ కాలంలో, బాగుచేసుకోవచ్చునన్న నమ్మకం ఇంకా మిగిలి ఉన్న వీధులివి. మరమ్మతై ఇంటికి చేరిన రేడియో వెలిగి, వేడెక్కి, మెల్లగా పలికినప్పుడు వినిపించేది తాతగారు విన్న గొంతే. మారింది వాకిట నిలిచిన కాపలాదారు మాత్రమే.