ఇసుక మీద నాలుగు చక్రాల జాతర

కాలిఫోర్నియా ఎడారిలో ఏటా చలికాలంలో ఒక నగరం వెలుస్తుంది. క్వాడ్ బైకుల రొదతో నిద్ర లేచే ఆ నగరం ఇప్పుడు తన భవిష్యత్తు గురించి ఆలోచనలో పడింది.

నవంబరు నాలుగో వారం. కాలిఫోర్నియా ఆగ్నేయ మూలన బ్రాలీ పట్నం దాటాక 78వ నంబరు రాష్ట్ర రహదారికి రెండు పక్కలా పచ్చటి పొలాలు ఉన్నట్టుండి ఆగిపోతాయి. ఆ తర్వాత అంతా ఇసుకే. ఎర్రటి జెండాలు కట్టిన పొడవాటి కర్రలు తిన్నెల వెనక నుంచి ముందు కనిపిస్తాయి, ఆ వెంటనే ఇంజన్ల మోత, చివరికి బండ్లు. థాంక్స్‌గివింగ్ సెలవుల ఈ నాలుగు రోజుల్లో లక్ష మందికి పైగా ఇక్కడికి చేరతారు. పండగ ముగిశాక మిగిలేది గాలి, ఇసుక, దూరంగా పోయే గూడ్సు రైలు. మేడారం జాతర చూసినవారికి ఈ దృశ్యం కొత్తేమీ కాదు. తేడా ఒక్కటే. ఇక్కడ మొక్కులు చెల్లించేది పెట్రోలుతో.

ఈ చోటు పేరు గ్లామిస్. ప్రభుత్వ లెక్కల్లో ఇంపీరియల్ శాండ్ డ్యూన్స్ రిక్రియేషన్ ఏరియా. భూగోళ పటాల్లో ఆల్గొడోన్స్ ఇసుక తిన్నెలు. 60 కిలోమీటర్లకు పైగా పొడవు, సగటున ఎనిమిది కిలోమీటర్ల వెడల్పు ఉన్న ఈ ఇసుక పట్టీ దక్షిణ కొస మెక్సికో సరిహద్దును తాకుతుంది. కొన్ని తిన్నెలు 90 మీటర్ల ఎత్తుంటాయి. ఒకప్పుడు పశ్చిమాన ఉండి ఎండిపోయిన కవియా అనే ప్రాచీన సరస్సు ఒడ్డు నుంచి గాలి మోసుకొచ్చిన ఇసుక ఇదని భూగర్భ శాస్త్రవేత్తలు చెబుతారు. వేసవిలో ఉష్ణోగ్రత 43 డిగ్రీలు దాటుతుంది కాబట్టి సందడంతా అక్టోబరు చివరి నుంచి ఏప్రిల్ దాకానే.

మనిషికి ఈ ఇసుక ఎప్పుడూ సవాలే. 1915లో తిన్నెల మీదుగా చెక్క పలకలు పరిచి కార్ల కోసం రోడ్డు వేశారు. గాలి దాన్ని పూడుస్తూ పోయింది, జనం తవ్వుతూ పోయారు. 1926లో తారు రోడ్డు వచ్చాక గానీ ఆ పోరు ముగియలేదు. అప్పటి పలకల ముక్కలు ఇప్పటికీ కొన్ని మిగిలున్నాయి. 1982లో హాలీవుడ్ వచ్చి ఇక్కడి బటర్‌కప్ లోయలో ‘రిటర్న్ ఆఫ్ ద జెడై’ చిత్రంలోని ఎడారి దృశ్యాలు తీసింది. ఆ సరికే ఈ తిన్నెల మీద మోటారు బండ్ల హక్కు స్థిరపడింది.

మూడు నుంచి నాలుగుకు

క్వాడ్ బైకు పుట్టింది నాలుగు చక్రాలతో కాదు. 1970లో హోండా ‘యూఎస్ 90’ పేరుతో అమెరికాలో ఒక మూడు చక్రాల బండి విడుదల చేసింది. బుడగల్లా ఉబ్బిన టైర్లు, చిన్న ఇంజను. చలికాలంలో మోటార్ సైకిళ్లు అమ్ముడుపోక దిగాలుపడే డీలర్లకు ఏదో ఒక సరుకు అందించాలన్నది కంపెనీ ఆలోచన. మరుసటి ఏడాది జేమ్స్ బాండ్ ‘డైమండ్స్ ఆర్ ఫరెవర్’లో దాన్ని నడిపాడు. పదేళ్లు తిరిగేసరికి రైతులు, వేటగాళ్లు, కుర్రకారు అందరూ దాని మీదే.

చిక్కు మలుపులో వచ్చింది. వెనక రెండు చక్రాలనూ కలిపే ఇరుసు ఒకటే కావడంతో రెండూ ఒకే వేగంతో తిరుగుతాయి. ఒంటి బరువును సరైన పక్కకు, సరైన క్షణంలో జరపకపోతే బండి బోల్తా పడుతుంది. గాయపడినవారిలో, చనిపోయినవారిలో పిల్లలు ఎక్కువగా ఉండటంతో ప్రభుత్వం కోర్టుకెక్కింది. 1988లో కుదిరిన ఒప్పందం ప్రకారం కంపెనీలు కొత్త మూడు చక్రాల బండ్ల అమ్మకం ఆపేశాయి. పెద్ద ఇంజన్ల బండ్లను 16 ఏళ్లలోపు వారి కోసం అమ్మబోమని ఒప్పుకున్నాయి. అప్పటికే 1983 మోడల్‌గా సుజుకీ నాలుగు చక్రాల ‘క్వాడ్‌రన్నర్’ను దించి దారి చూపింది. నాలుగో చక్రంతో నిలకడ పెరిగింది, ప్రమాదం మాత్రం పూర్తిగా పోలేదు. అమెరికాలో ఇలాంటి బండ్ల మీద ఏటా వందల మంది ప్రాణాలు పోగొట్టుకుంటూనే ఉన్నారు.

గ్లామిస్ మనసు దోచిన బండి మాత్రం 1987లో వచ్చింది. యమహా ‘బాన్షీ’. 347 సీసీ, రెండు సిలిండర్లు, టూ స్ట్రోక్, ఆరు గేర్లు. సెల్ఫ్ స్టార్టర్ లేదు, కిక్ కొట్టాల్సిందే. రివర్స్ గేరూ లేదు. దీని గుండెకాయ యమహా వారి ఆర్‌జెడ్ 350 మోటార్ సైకిల్ ఇంజను. అంటే 1980లలో మన రోడ్ల మీద గర్జించిన రాజ్‌దూత్ 350కి, దీనికి మూల పురుషుడు ఒకడే. ఆర్‌ఎక్స్ 100 సైలెన్సర్ శబ్దానికి ఇప్పటికీ వెనక్కి తిరిగి చూసే తెలుగు నడివయస్కులకు బాన్షీ మీద అక్కడివారికున్న మమకారం చెప్పకుండానే అర్థమవుతుంది. అమెరికాలో 2006తో దాని అమ్మకం ఆగినా పాత బండ్లను విప్పి, బిగించి, రంగులేసి ఈనాటికీ నడుపుతున్నారు.

పగలు పరుగు, రాత్రి రిపేరు

ఇసుక మీద క్వాడ్ నడపడం రోడ్డు మీద బండి నడపడం లాంటిది కాదు. యాక్సిలరేటర్ పిడికిలితో తిప్పేది కాదు, బొటనవేలితో నొక్కే చిన్న మీట. గంటసేపు నొక్కితే వేలు మొద్దుబారుతుంది. ఎక్కే దిబ్బ మధ్యలో వేగం తగ్గిస్తే చక్రాలు దిగబడతాయి. కాబట్టి ఎక్కేటప్పుడు తెగువ కావాలి, కొసకు చేరేటప్పుడు వివేకం కావాలి. ఇక్కడ గాలి ఎక్కువగా వాయవ్యం నుంచి వీస్తుంది. తిన్నె ఒక పక్క ఏటవాలుగా, అవతలి పక్క నిలువునా తెగినట్టు ఉండేది అందుకే. కొస అంచు కత్తి వాదరలా ఉంటుంది. అవతల ఏముందో చూడకుండా దూకినవారు గాల్లో తేలి కింద ఉన్న బండి మీద పడిన సందర్భాలున్నాయి. అనుభవజ్ఞులు అంచు దగ్గర బండిని పక్కకు తిప్పి, ఆగి, చూసి మరీ దిగుతారు.

ప్రతి బండికీ జెండా ఉన్నది ఇందుకే. నేల నుంచి కనీసం ఎనిమిది అడుగుల ఎత్తులో ఎర్ర లేదా నారింజ రంగు జెండా తప్పనిసరి. దిబ్బకు అవతల నుంచి వచ్చేవాడికి మనిషి కంటే ముందు ఆ జెండా కనిపిస్తుంది. హెల్మెట్ సంగతి సరేసరి. కాలిఫోర్నియా ప్రభుత్వ భూముల్లో 18 ఏళ్లలోపు వారు క్వాడ్ నడపాలంటే శిక్షణ పొందిన ధ్రువపత్రం ఉండాలి, లేదా అర్హత ఉన్న పెద్దవారి పర్యవేక్షణలో నడపాలి.

ఇక టైర్లు. వెనక టైరుకు గట్లుండవు, పడవ తెడ్ల లాంటి రబ్బరు రెక్కలుంటాయి. అవి ఇసుకను గుప్పిళ్లతో వెనక్కి విసురుతూ బండిని ముందుకు నెడతాయి. అవే టైర్లతో గట్టి నేల మీద నడిపితే రెక్కలు కొద్దిసేపట్లోనే అరిగిపోతాయి. అందుకే చాలామంది రెండు జతలు మోసుకొస్తారు.

సాయంత్రమయ్యాక అసలు సంసారం మొదలవుతుంది. ఇంటి బండ్లన్నీ గుండ్రంగా నిలిపి, మధ్యలో నెగడు వేస్తారు. నీళ్లు, కరెంటు, మరుగుదొడ్డి ఏదైనా ఎవరిది వారే తెచ్చుకోవాలి. ఆ వలయంలో టార్చిలైటు నోట కరుచుకుని మోకాళ్ల మీద కూర్చున్నవాడు పగలు ఆఫీసు ఉద్యోగి కావచ్చు, ప్లంబరు కావచ్చు. ఇక్కడ అందరూ మెకానిక్కులే.

పని జాబితా పొడవైనదే. మొదటిది ఎయిర్ ఫిల్టర్. పిండిలా మెత్తటి ఇసుక దాన్ని దాటి సిలిండర్లోకి పోయిందంటే పిస్టన్, రింగులు, గోడలు అన్నీ గీరుకుపోతాయి. అందుకే నురుగు ఫిల్టర్‌ను కడిగి, ఆరబెట్టి, నూనె పట్టించి తిరిగి బిగిస్తారు. మరొకటి సిద్ధంగా ఉంచుకుంటారు. తర్వాత చెయిన్ బిగువు, స్ప్రాకెట్ పళ్లు, చక్రాల బేరింగులు, గ్రీజు, రేడియేటర్‌లో నీటి మట్టం. టూ స్ట్రోక్ అయితే పెట్రోలులో నూనె పాలు సరిగ్గా కలపాలి. గ్లామిస్ సముద్ర మట్టానికి పెద్ద ఎత్తులో లేదు. కొండ ప్రాంతం నుంచి వచ్చినవాడి కార్బొరేటర్‌లో జెట్ మార్చాల్సిందే. లేకపోతే ఎత్తులో సరిపోయిన పెట్రోలు ఇక్కడి చిక్కటి గాలికి చాలక ఇంజను వేడెక్కి పట్టేస్తుంది. స్పార్క్ ప్లగ్ కొస రంగు చూసి ఆ జబ్బు చెప్పగలిగినవాడికి ప్రతి నెగడు దగ్గరా కుర్చీ సిద్ధం. చెల్లింపు డబ్బుల్లో ఉండదు. ఈ రోజు తీసుకున్న క్లచ్ ప్లేటు వచ్చే ఏడాది ఇంకెవరికో ఇవ్వాలి, అంతే.

పందేలు కూడా అలాంటివే. ఓల్డ్స్‌మొబైల్ హిల్, కాంపిటీషన్ హిల్ అనే రెండు పెద్ద దిబ్బల దగ్గర జనం బారులు తీరతారు. ఇద్దరు పక్కపక్కన నిలబడి ఎవరు ముందు పైకెక్కుతారో చూసుకుంటారు. కప్పులుండవు, రికార్డులుండవు. సంక్రాంతి బరుల్లో మాదిరిగా గెలుపోటముల కథ మాత్రం ఏడాది పొడవునా నడుస్తుంది.

ఒక మొక్క, రెండు వర్గాలు

ఈ ఆనందానికి అడ్డుగా నిలిచింది మోకాలి ఎత్తు మొక్క. చిక్కుడు కుటుంబానికి చెందిన పియర్సన్స్ మిల్క్‌వెచ్ అమెరికాలో ఈ తిన్నెల మీద తప్ప మరెక్కడా పెరగదు. 1998లో కేంద్ర ప్రభుత్వం దాన్ని ముప్పులో ఉన్న జాతిగా ప్రకటించింది. 2000లో పర్యావరణ సంస్థలు దావా వేయడంతో భూముల యాజమాన్య సంస్థ బ్యూరో ఆఫ్ ల్యాండ్ మేనేజ్‌మెంట్ దాదాపు 49 వేల ఎకరాల్లో బండ్లను నిషేధించింది. రహదారికి ఉత్తరాన 1994 నుంచే సుమారు 26 వేల ఎకరాలు అభయారణ్యంగా మూతపడి ఉన్నాయి.

బండ్లవారు అమెరికన్ శాండ్ అసోసియేషన్‌గా జట్టుకట్టారు. నినాదాలతో సరిపెట్టకుండా సొంత ఖర్చుతో మొక్కల లెక్క తీయించారు. 2001 వసంతంలో జరిగిన ఆ సర్వేలో 70 వేలకు పైగా మొక్కలు తేలాయి. మొక్క అంత అరుదేమీ కాదని వారి వాదన. అసలు చిక్కు మరోచోట ఉంది. మంచి వానలు పడిన 2005లో మొక్కల సంఖ్య 18 లక్షలని అధికారుల అంచనా. మరుసటి ఏడాదికే అది లక్ష లోపుకు పడిపోయింది. విత్తనం ఇసుకలో ఏళ్ల తరబడి నిద్రపోయి వాన కోసం ఎదురుచూస్తుంది. ఏ ఏడాది లెక్క నమ్మాలి? ఎవరికి అనుకూలమైన ఏడాదిని వారు ఎత్తి చూపారు.

చివరికి 2013 నాటి ప్రణాళిక మధ్యేమార్గం ఎంచుకుంది. మొక్కకు కీలకమైన తొమ్మిది వేల ఎకరాలకు పైగా మూసి ఉంచి, మిగతా చాలా భాగాన్ని మళ్లీ తెరిచింది. పూర్తిగా ఎవరూ గెలవలేదు. అయితే తిన్నెల మీద స్వేచ్ఛ అనేది ఎవరి జేబు సొత్తూ కాదని రెండు వర్గాలకూ తెలిసొచ్చింది.

క్వాడ్‌కు ఇప్పుడు ఎదురైన పోటీ కోర్టుల నుంచి కాదు, మార్కెట్ నుంచి. పక్కపక్కన కూర్చుని, బెల్టు పెట్టుకుని, స్టీరింగ్‌తో నడిపే సైడ్ బై సైడ్ బండ్లు తిన్నెలను ఆక్రమిస్తున్నాయి. 2008 మోడల్‌గా పొలారిస్ ఆర్‌జెడ్‌ఆర్ వచ్చాక ఈ మార్పు వేగం పుంజుకుంది. కుటుంబమంతా ఒకే బండిలో వెళ్లవచ్చు, నడుం నొప్పి తక్కువ. ధర మాత్రం కారుతో సమానం. 2009 నుంచి ప్రత్యేక విభాగంగా క్వాడ్‌లను పరుగెత్తించిన డకార్ ర్యాలీ కూడా 2024 పోటీ తర్వాత ఆ విభాగాన్ని ఎత్తేసింది. అర్జెంటీనాకు చెందిన పాట్రొనెల్లీ సోదరులు, చిలీకి చెందిన కసాలే లాంటి విజేతలను తయారుచేసిన మైదానం అలా మూతపడింది.

మన దేశానికి ఈ కథతో సంబంధం లేకపోలేదు. పొలారిస్ 2011లో భారత్‌లో అడుగుపెట్టింది. మామూలు క్వాడ్ బైకుకు రోడ్డెక్కే అనుమతి లేకపోయినా రిసార్టుల్లో, పర్యాటక కేంద్రాల్లో, లద్దాఖ్ హుందర్ ఇసుకలో సైతం అవి అద్దెకు తిరుగుతున్నాయి. పావుగంట సరదాకు డబ్బు కట్టే పర్యాటకుడికి ఎయిర్ ఫిల్టర్ ఎప్పుడు కడిగారో తెలియదు. దిబ్బ అంచు దగ్గర ఎందుకు ఆగాలో చెప్పేవారు అన్నిచోట్లా ఉండరు. చక్రాల కింద ఏ మొక్క ఉందో ఎవరూ లెక్క తీయలేదు. గ్లామిస్ ఈ మూడు పాఠాలూ నేర్చుకోవడానికి యాభై ఏళ్లు పట్టింది. మూల్యం ప్రాణాలతో, కోర్టు ఖర్చులతో చెల్లించింది. బండ్లను దిగుమతి చేసుకున్నవారు ఆ పాఠాలను కూడా తెచ్చుకుంటే ఖర్చు తగ్గుతుంది.

ఏప్రిల్ వచ్చేసరికి గ్లామిస్ ఖాళీ అవుతుంది. ఇంటి బండ్లు ఒక్కొక్కటిగా రహదారి ఎక్కుతాయి. లక్షల టైర్ల జాడలను వాయవ్యపు గాలి కొద్ది రోజుల్లోనే చెరిపేస్తుంది. ఇసుక లోపల విత్తనాలు వాన కోసం, సుదూర నగరాల్లోని షెడ్లలో బాన్షీలు అక్టోబరు కోసం ఎదురుచూస్తుంటాయి.