నిండింది ట్యాంకు కాదు, నేల

పోర్ట్ బ్లెయిర్ ఫీనిక్స్ బే జెట్టీలో స్వరాజ్ ద్వీప్ పడవ కోసం నిలబడ్డవాళ్ల చూపంతా నీళ్ల మీదే. వెనక్కి తిరిగితే కొండవాలు, దాని మీద మెట్లు మెట్లుగా ఇళ్లు. ఆ సందుల్లో నాలుగడుగులు వేస్తే ఉత్తరాంధ్ర యాస చెవిన పడుతుంది. 2011 జనాభా లెక్కల్లో అండమాన్ నికోబార్ వాసుల్లో సుమారు 13 శాతం మంది మాతృభాష తెలుగు. పోర్ట్ బ్లెయిర్ 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురం అయింది గానీ, మేం వెళ్లిన ఇంట్లో ఇంకా పాత పేరే నడుస్తోంది.

ఆగస్టు నెల. వాన వెలిసి అరగంటైంది. ట్యాంకు తోడించి రెండు నెలలు కాలేదు, లెట్రిన్‌లో నీళ్లు మళ్లీ దిగడం లేదని ఇంటావిడ గోడు. పై అంతస్తులో బకెట్టు నీళ్లు కుమ్మరిస్తే కింది బాత్రూం జాలీలోంచి గుడగుడమంటోంది. ట్యాంకు చిన్నదై ఉంటుందని ఇంటాయన అనుమానం. మరొకటి కట్టించడానికి ఇటుకల ధర కూడా కనుక్కున్నారు.

శ్రీకాకుళం నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడిన మేస్త్రీ మూత ఎత్తకుండానే ఒక్క ప్రశ్న వేశాడు. తోడించిన రోజు సోక్ పిట్ (ఇంకుడు గొయ్యి) వైపు గొట్టంలోంచి నీళ్లు వెనక్కి వచ్చాయా?

వచ్చాయట, ధారగా.

జబ్బు అక్కడే దొరికింది. సెప్టిక్ అంటే మనకు ట్యాంకే గుర్తొస్తుంది. నిజానికి ట్యాంకు చేసేది సగం పనే. మడ్డి అడుగుకు దిగుతుంది, జిడ్డు పైకి తేలుతుంది, నడుమ నీరు బయటికి పోతుంది. ఆ నీటిని వడకట్టాల్సింది బయటి మట్టి. ఏళ్ల తరబడి తోడించకుండా వదిలేస్తే మడ్డి కూడా గొట్టం దాటి వెళ్లి, మట్టి అంచున నల్లటి జిగట పొర కడుతుంది. ఆ తర్వాత ట్యాంకు ఎన్నిసార్లు తోడించినా ట్యాంకరు వాడికే లాభం.

ఇక్కడి వాతావరణం, నేల కూడా కలిసిరావు. ఏటా సుమారు 3,000 మి.మీ. వాన, మే నుంచి డిసెంబరు దాకా. 2004 డిసెంబరు 26 భూకంపానికి దక్షిణ అండమాన్ దాదాపు ఒక మీటరు కుంగి, సిప్పీఘాట్ పొలాల్లో ఉప్పునీరు నిలిచిపోయింది. అలాంటి పల్లంలో గొయ్యి తవ్వితే ముందే నీళ్లు ఊరతాయి, ఇక ఇంటి నీళ్లకు చోటెక్కడిది? వాలు మీది బంకమట్టిది ఇంకో తీరు. నీరు లోపలికి దిగదు, పక్కకు జారి కింది ఇంటి గోడ దగ్గర తేలుతుంది. ఇరుగుపొరుగు తగువులు అలా కూడా మొదలవుతాయి.

ఈ పెరట్లో ఒక మూల మట్టి చితచితలాడుతోంది. అక్కడి గడ్డి మాత్రం చుట్టుపక్కల కంటే ఏపుగా, ముదురు పచ్చగా ఉంది. చూడ్డానికి బాగుందనుకుంటుండగానే మేస్త్రీ వంగి వాసన చూడమన్నాడు. ఎండాకాలంలో కూడా అంతే పచ్చగా ఉందా అని ఇంటావిణ్ణి అడిగాడు. ఉందట. అంటే అది వాన తడి కాదు, ట్యాంకు నీరే. పైగా డాబా మీది వాననీటి గొట్టాన్ని ఎవరో ట్యాంకులోకే కలిపేశారు! ముందు దాన్ని విడదీయమన్నాడు. ట్యాంకులోకి వెళ్లేలా యాసిడ్లు, వంటనూనె పొయ్యొద్దన్నాడు. లోపల విషవాయువులు ఉంటాయి కనుక ట్యాంకులోకి ఎవరినీ దించొద్దని మరీ మరీ చెప్పాడు. పారిశుద్ధ్య కార్మికులను రక్షణ లేకుండా అలా దించడం 2013 చట్టం ప్రకారం నేరం కూడా.

కొత్త సోక్ పిట్ తవ్వే ముందు నేలను పరీక్షించాలి. భారతీయ ప్రమాణం ఐఎస్ 2470 చెప్పే పద్ధతి తేలికే. చిన్న గొయ్యి తీసి, నీళ్లు పోసి రాత్రంతా నానబెట్టి, మర్నాడు నీటిమట్టం 25 మి.మీ. దిగడానికి ఎన్ని నిమిషాలు పడుతుందో చూడాలి. గంట దాటితే ఆ నేల ఇంకుడుకు పనికిరాదు. తాగునీటి బావికి కనీసం 18 మీటర్ల దూరం కూడా ఉండాలి.

అలా గొయ్యి నానబెట్టించి మర్నాడు మళ్లీ వెళ్లాం. గోతిలో స్కేలు గుచ్చి అందరం చుట్టూ కూర్చున్నాం. గంటంబావు గడిచింది. నీళ్లు 10 మి.మీ. కూడా దిగలేదు.